రేపు ఇల్లు మారుతున్నాము

రేపు మేము ఇల్లు మారుతున్నాము. రాసి చూసుకుంటే ఇది చాలా చిన్న మాటగా కనిపిస్తున్నది. ఊరు మారడం లేదు, జిల్లా మారడం లేదు. హరూరులోనే ఒక వీధి వదిలి, ఊరి చివర తీర్థమలై పోయే దారిలో మరొక ఇంటికి పోతున్నాము. రెంటికీ నడుమ మూడు కిలోమీటర్లు ఉంటే గొప్ప. ఇంతమాత్రానికి పత్రికకు రాయడమెందుకని మా పిల్లలే అడిగారు. పిల్లలకేం! వాళ్ళు మంచిరోజు వెతకలేదు, బాడుగ బేరం చేయలేదు, రుబ్బురోలు ఎట్లా పెకలించాలా అని రాత్రి నిద్ర మానుకోలేదు.

రాసే చెయ్యి ఒకటే అయినా ఇందులో ఇంట్లో ఐదుగురి మాటా ఉన్నది కనుక "మేము" అనే రాస్తున్నాము. మా ఇంట్లో ఏ పనీ ఒక్కరిది కాదు. తప్పు మాత్రం ఎప్పుడూ ఒక్కరిదే అవుతుంది, అది వేరే సంగతి.

ఈవేళ 2025 జూన్ 21, శనివారం. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. నడవ నిండా గోనెసంచులు, అట్టపెట్టెలు, పాతచీరలతో కట్టిన మూటలు. బల్ల మధ్యాహ్నమే కట్టేశాము గనుక బోర్లించిన గంగాళం మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాము. అక్షరాలు వంకరగా ఉంటే అచ్చువారు మన్నించాలి.

ఈ ఇంటికి మా నాయన 1984లో వచ్చారు. అప్పుడు బాడుగ నెలకు తొంభై రూపాయలు. మా అన్నదమ్ములలో పెద్దవాడికి అప్పటికి ఐదేళ్ళు, చిన్నవాడు ఇంకా చంకబిడ్డ. ముందు భాగంలో ఇంటివారు, వెనక భాగంలో మేము, నడుమ ఒక వాకిలి, వాకిట్లో ఒక బావి. బావిలో నీళ్ళు పోయి చాలా కాలమైంది. దానికి మూత వేసి మీద తులసికుండీ పెట్టారు. ఇంటివారు తమిళులు. ఇన్నేళ్ళలో బాడుగ గురించి ఒక్కసారి గట్టిగా మాట్లాడుకున్నది లేదు. మూడు నాలుగేళ్ళకొకసారి వాళ్ళు "కొంచెం చూసి వేయండి" అంటారు, మేము కొంచెం చూసి వేస్తాము. అంతే. ఇప్పుడు వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళయినారు. పాత ఇల్లు పడగొట్టి కింద అంగళ్ళు, పైన ఇళ్ళు కట్టుకోవాలనుకున్నారు. ఎవరి స్థలం వారిది, అందులో తప్పు లేదు. ఆ మాట చెప్పడానికి వచ్చిన రోజున ఇంటాయనే మాకంటే ఎక్కువ తడబడ్డారు. మేమే కాఫీ ఇచ్చి ధైర్యం చెప్పవలసి వచ్చింది.

"ఆడి పుట్టేలోపల ఇస్తే చాలు" అన్నారు. ఆడి నెలలో తమిళులు ఇల్లు మారరు. మంచి గడువే అనుకున్నాము. ఇక్కడే మా ఇంటి పెద్ద చిక్కు వచ్చిపడింది.

మా వంటింటి గోడకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి రోజుకొక కాగితం చించే తమిళ క్యాలెండరు. రెండవది తిరుమల తిరుపతి దేవస్థానం వారి తెలుగు క్యాలెండరు. తమిళ నెల సూర్యుణ్ణి పట్టుకుని నడుస్తుంది, ఆయన కర్కాటకంలో అడుగు పెడితే ఆడి. మన నెల చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది, అమావాస్య వెళ్ళిన మరునాడు కొత్త నెల. అందువల్ల ఈ ఏడు మన ఆషాఢం జూన్ 26న వస్తుంటే వాళ్ళ ఆడి జూలై 17న వస్తున్నది. నడుమ మూడు వారాలు ముందింటివారికి శుభ్రమైన ఆని, వెనక ఇంట్లో అమ్మకు ఆషాఢం. మధ్యలో ఉన్నది తులసికుండీ ఒక్కటే. కొత్త సంవత్సరమూ ఇంతే. విశ్వావసు మా ఇంటికి మార్చి 30న ఉగాది పచ్చడితో వచ్చింది. అదే విశ్వావసు ముందింటికి ఏప్రిల్ 14న వచ్చింది. రెండుసార్లూ రెండిళ్ళలోనూ భోంచేశాము గనుక దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఇల్లు మారడం భోజనమంత సులువు కాదు.

ఆని చివరిదాకా ఆగితే జూన్ నెల జీతం చేతిలో పడుతుందని మా లెక్క. కొత్త ఇంటికి అడ్వాన్సు యాభై వేలు కట్టాలి. గుమాస్తా జీతానికి ఒక నెల అటూ ఇటూ కావడమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి చెప్పనక్కరలేదు. కాని అమ్మ ఒకటే మాట అన్నది: "ఆషాఢంలో పొయ్యి వెలిగించిన ఇంట్లో నేను గంజి కూడా తాగను." ఆమె అట్లా అన్నదంటే తాగదు. ముందింటాయన మధ్యవర్తిగా వచ్చి, "25వ తేదీ బుధవారం అమావాస్య, నిండు రోజు, ఆ రోజు పాలు పొంగించుకోండి" అన్నారు. తమిళులకు అమావాస్య మంచిరోజు. అంగడి తెరవడానికి, కొత్త బండి కొనడానికి కూడా చూస్తారు. అమ్మ రెండు చెవులూ మూసుకున్నది. ఒకరి కూర ఒకరు తిని, ఒకరి పిల్లలను ఒకరు మందలించి ఇన్నేళ్ళు బతికినా, ఆ ఒక్క అమావాస్య దగ్గర మాత్రం ఎవరి దారి వారిదే!

చివరకు 22వ తేదీ ఆదివారం అని తేల్చాము. ఆషాఢం కాదు, అమావాస్య కాదు. ఆదివారం గృహప్రవేశానికి పనికిరాదని ఎవరో అన్నారు. అది సొంత ఇంటికే గాని బాడుగ ఇంటికి కాదని మేమే శాస్త్రం చెప్పుకున్నాము. ఆఫీసుకు సెలవు పెట్టనక్కరలేదన్నదే అసలు శాస్త్రం. అడ్వాన్సులో సగం మా ఇంటావిడ చీటీ పాడి తెచ్చి ఇచ్చింది. పాటలో ఎంత పోయిందో ఇక్కడ రాయవద్దని ఆమె ఆజ్ఞ.

మూడు రోజులుగా అటకలు దింపుతున్నాము. నాయన గొడుగు దొరికింది. నడవని గోడ గడియారాలు మూడు దొరికాయి. పలకలు, విరిగిన కవ్వం, ఎవరిదో తెలియని ఒక కంటి అద్దాల జత. పెళ్ళిపత్రికల కట్ట ఒకటి దొరికింది గాని అది దొరకకుండా ఉంటే పని గంట ముందు ముగిసేది. అందరమూ చుట్టూ కూర్చున్నాము. పాతవాటిలో ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం సమంగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ తెలుగు పక్క చిక్కిపోయింది. ఈ నాలుగైదేళ్ళలో వచ్చిన వాటిలో పైన "శ్రీరస్తు శుభమస్తు" అన్న రెండు మాటలే తెలుగు, మిగతాది తమిళమూ ఇంగ్లీషూ. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఆ రెండు మాటలనూ వాడు బొమ్మను చూసినట్టు చూసి గుర్తుపట్టాడు, చదవలేదు. తప్పు వాడిది కాదు. అమ్మ మాకు బియ్యంలో వేలితో రాయించి అక్షరాలు నేర్పింది. మేము వాడికి రేపు నేర్పుదాం, ఎల్లుండి నేర్పుదాం అంటూ ఇంతదాకా తెచ్చాము.

రుబ్బురోలు సంగతి చెప్పాలి. వంటింటి మూల నేలలో పాతి ఉన్నది. 2011లో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ ఉచితంగా మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చే పథకం పెట్టింది. మాకు గ్రైండరు వచ్చినాక ఈ రోలులో పిండి రుబ్బింది లేదు. దీపావళికి ముందు ఒకసారి కడుగుతారు, అంతే. అయినా దాన్ని తీసుకుపోవాలని అమ్మ పట్టు. గడ్డపార తెచ్చి గంటసేపు తవ్వాము. రోలు కదలలేదు గాని గోడ కదిలింది. కొత్త ఇంట్లో నేలంతా టైల్సు, పాతడానికి చోటు లేదని ఇంటావిడ అన్నది. తుదకు రోలు ఇక్కడే వదిలి, పొత్రం ఒక్కటి సంచిలో వేశాము. రోలు లేని పొత్రం ఎందుకని అబ్బాయి అడిగాడు. తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టుకోవడానికి అన్నాము. అమ్మ ఏమీ అనలేదు. ఈ మధ్య ఆమె చాలా వాటికి ఏమీ అనడం లేదు. అది మేము గమనించవలసినంత గమనించలేదని ఈ సాయంత్రం తెలిసింది. ఆ మాటకు వస్తాము.

గ్యాసువారికి, రేషను కార్డుకు, బ్యాంకుకు, బడికి కొత్త చిరునామా ఇవ్వాలి. మా బంధువులలో చాలామందికి ఇల్లు మారకుండానే చిరునామా మారింది. మా తాత నాటికి ఈ ఊరు సేలం జిల్లా. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా వచ్చింది. ఊత్తంగరైలో ఉన్న పెద్దత్త 2004 దాకా మా జిల్లాయే. ఆ ఏడు కృష్ణగిరి వేరుపడి ఆమెను తీసుకుపోయింది. తిరుపత్తూరులో ఉన్న అక్క వేలూరు జిల్లాలో నిద్రపోయి 2019లో తిరుపత్తూరు జిల్లాలో లేచింది. ఊరి పేరు కూడా అంతే. ఇంగ్లీషు బోర్డు మీద హరూర్, తమిళంలో అరూర్. మేము కాగితాల మీద హరూరు అని రాస్తాము, అమ్మ నోట మాత్రం అరూరే.

పేరులోనే రెడ్డిగారిని పెట్టుకున్న పాప్పిరెడ్డిపట్టి పక్కన మా చిన్నాయన ఉన్నారు. రెండెకరాల మరవళ్ళి తోట, మూడు గదుల ఇల్లు. సేలం నుంచి చెన్నైకి ఎనిమిది వరసల రోడ్డు వేస్తామని 2018లో ఆ పక్క పొలాల్లో కొలతరాళ్ళు పాతారు. ఒక రాయి ఆయన దొడ్లో పడింది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆ భూసేకరణను కొట్టివేసింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు అన్నది. ఆయన ఆ రాయి పక్కనే బట్టలు ఆరేసుకుంటున్నారు. మేము ఇల్లు మారుతున్నామని ఫోను చేస్తే, "మీరు ఒక్క రోజులో మారుతున్నారు, నేను ఏడేళ్ళుగా మారుతున్నాను" అన్నారు. పైకప్పు పెంకులు మార్చాలంటే కూడా, ఉంటామో పోతామో అని పిన్నమ్మ వద్దంటుందట. ఆ మాట విన్నాక మా అడ్వాన్సు బాధ కొంచెం చిన్నదయింది.

ఇక ఇంటి కబుర్లు. మే 8న ప్లస్ టూ ఫలితాలు వచ్చాయి. మా అమ్మాయికి 600కు 521. సేలంలో బీఎస్సీ చేరబోతున్నది, హాస్టలులో ఉంటుంది. కొత్త ఇంట్లో కిటికీ ఉన్న గది తనకే కావాలని తమ్ముడితో వారం రోజులు పోట్లాడి గెలిచింది. గెలిచి, అందులో నెల రోజులైనా ఉంటుందో లేదో! అబ్బాయికి బడి ఇంతదాకా పక్క వీధి. ఇక మూడు కిలోమీటర్లు సైకిలు తొక్కాలి గనుక గేర్ల సైకిలు కావాలన్నాడు. చూద్దాం అన్నాము. మా ఇంట్లో "చూద్దాం" అంటే లేదని అర్థం, వాడికీ తెలుసు.

మే నెలలోనే చిత్తూరులో అమ్మ మేనమామ మనవరాలి పెళ్ళికి పోయాము. అక్కడ మా తెలుగు వినడానికే కొందరు మా చుట్టూ కూర్చున్నారు. పంక్తి వేయడం ఆలస్యమైతే అమ్మ, "నేరమైపోయింది, పిల్లలకు ముందు పెట్టండమ్మా" అన్నది. తమిళంలో నేరం అంటే వేళ గదా, మా ఇళ్ళలో ఆ మాట అట్లాగే తెలుగులో కలిసిపోయింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు, "నేరమా! ఎవరు చేశారమ్మా?" అని నవ్వారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. అమ్మ కూడా నవ్వింది గాని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "మన ఊళ్ళో మనల్ని తెలుగోళ్ళంటారు, తెలుగోళ్ళు మనల్ని అరవోళ్ళంటారు" అన్నది. వేరే ఎవరితోనో అన్నట్టు అన్నది.

తమ్ముడు హోసూరులో ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఏప్రిల్‌లో వాళ్ళకు రెండవ బిడ్డ, ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. ఇల్లు మారే మాట తెలిసినప్పటినుంచి తమ్ముడూ మరదలూ రోజూ ఫోను చేసి ఒకటే అడుగుతున్నారు: "ఈ సందర్భంలో అమ్మను ఇక్కడికి పంపించండి. ఎటూ ఆమెకు కొత్త ఇల్లే గదా, ఆ కొత్త ఇల్లు ఇక్కడ అయితే ఏం? ఇక్కడ వీధిలో కూడా తెలుగు మాట్లాడేవాళ్ళున్నారు, ఆమెకు పొద్దుపోతుంది." అది నిజమే. హోసూరులో అంగడికి పోయినా తెలుగు వినిపిస్తుంది. బిడ్డను చూసుకోవడానికి పెద్దదిక్కు కావాలన్నది వాళ్ళు బయటికి అనని మాట, అదీ తప్పు కాదు.

అమ్మ ఏమీ చెప్పలేదు. మేము అడగలేదు. ఎట్లా అడగడం? "పోతావా?" అంటే పొమ్మన్నట్టు, "ఉంటావా?" అంటే తమ్ముడి దగ్గరికి పోనివ్వనట్టు. ఆమెకు ఒక ఆకుపచ్చ ఇనప పెట్టె ఉన్నది. 1977లో పెళ్ళయి గుడియాత్తం నుంచి రైలులో మొరప్పూరు దాకా వచ్చి, అక్కడినుంచి బస్సులో ఈ ఊరికి తెచ్చుకున్న పెట్టె. ఇంట్లో సామాను అంతా కలిపి కడుతుంటే, ఆ పెట్టె ఒక్కటి తానే సర్దుకుని తాళం వేసి తలుపు పక్కన విడిగా పెట్టింది. రేపు ఉదయం తమ్ముడు కారులో వస్తున్నాడు, సామానుకు వ్యాను వస్తున్నది. పెట్టె ఏ బండిలో ఎక్కుతుంది? నాలుగు రోజులుగా ఇంటావిడా మేమూ ఆ పెట్టెను చూస్తూ అటూ ఇటూ తిరిగాము గాని, ఒకరితో ఒకరం కూడా ఆ మాట అనుకోలేదు. హోసూరుకు పోతే మా మీద ఏదో కోపం వచ్చినట్టేనని లోపల గుబులు. మా దగ్గరే ఉంటే మా మీద మమకారమని ఒక గర్వం కూడా తయారుగా పెట్టుకున్నాము. ఉన్న సంగతి చెప్పుకోవాలి గదా.

ముందింట్లో ఇంటాయన తల్లి ఉన్నారు. ఎనభై దాటింది. పిల్లలు పాట్టి అంటారు, మేమూ అట్లాగే అంటాము. అమ్మ మాత్రం అక్కా అంటుంది. ఆమె అమ్మను తంగచ్చి అంటారు. బజారులో అమ్మ తమిళం బాగానే మాట్లాడుతుంది. పాట్టితో మాత్రం తెలుగే. పాట్టి తెలుగు ఒక్క ముక్క మాట్లాడరు, అంతా తమిళమే. ఈమె తెలుగులో అడిగితే ఆమె తమిళంలో చెబుతారు, ఆమె తమిళంలో తిడితే ఈమె తెలుగులో నవ్వుతుంది. చిన్నప్పటినుంచి వింటున్నాము గనుక ఇందులో వింత ఉన్నదని మాకు తోచలేదు. ఎవరైనా చుట్టాలు వచ్చి నోరు తెరుచుకుని చూస్తే అప్పుడు గుర్తుకు వచ్చేది.

ఆడి పద్దెనిమిదికి ఇద్దరూ కలిసి హనుమతీర్థం పోయేవారు. తెన్పెణ్ణై ఒడ్డున అక్కడ మునిగి, ఆ తరువాత తీర్థమలై కొండ ఎక్కాలని ఈ పక్క ఆచారం. రాములవారు పూజకు నీళ్ళు తెమ్మని ఆంజనేయుణ్ణి పంపితే, ఆయన రావడం ఆలస్యమై, స్వామి బాణం వేసి కొండలోనుంచే తీర్థం రప్పించుకున్నాడనీ, తరువాత వచ్చిన ఆంజనేయుడు తెచ్చిన నీళ్ళు విసిరివేస్తే అవి పడిన చోటే హనుమతీర్థమనీ చెబుతారు. "పాపం, అంత దూరం మోసుకొచ్చాడే" అని అమ్మ ప్రతి ఏడూ ఆంజనేయుడి పక్షమే. నేరానికి రావాలి గదా అని పాట్టి రాముడి పక్షం. మోకాళ్ళు పట్టుకుపోయి కొండ మానేసి ఆరేళ్ళయింది. వాదం మాత్రం మానలేదు.

2014లో నాయన పోయినప్పుడు పది రోజులు మా పొయ్యి వెలగకుండా చూసింది పాట్టి. మా అమ్మాయి పుట్టినప్పుడు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది పాట్టి. ఇవన్నీ మాకు తెలుసు. తెలిసి కూడా, ఇల్లు పడగొడితే మేము ఎక్కడికి పోవాలి, ఇంటివారు ఎక్కడికి పోవాలి, గ్రైండరు ఎక్కడికి పోవాలి అని అన్ని లెక్కలూ వేశాము గాని, వీళ్ళిద్దరి లెక్క వేయలేదు. ఇల్లు కట్టేదాకా పాట్టి బస్టాండు దగ్గర రెండవ కొడుకు ఇంట్లో ఉంటారట. అది కూడా మాకు ఈ సాయంత్రమే తెలిసింది.

ఆరు గంటలకు ఇద్దరూ ముందు తిన్నె మీద కూర్చున్నారు. వ్యాను వాడికి ఫోను చేయడానికి అటు పోయాము. అమ్మ ఒళ్ళో మందుల డబ్బా ఉన్నది. పాట్టికి చక్కెర జబ్బు, రక్తపోటు. రాత్రి వేసుకునే మాత్రలు అమ్మ ఒక్కొక్కటే చీల్చి ఆమె అరచేతిలో పెడుతున్నది. ఎన్నేళ్ళుగా జరుగుతున్నదో తెలియదు. పాట్టికి చదువు రాదు, ఇంట్లో అందరికీ పని తొందర, ఒకసారి ఒకే మాత్ర రెండుసార్లు వేసుకుని పడిపోయారట. అప్పటినుంచి సాయంత్రం ఆరింటికి అమ్మ వచ్చి చూసి ఇస్తున్నది. అమ్మకు ఇంగ్లీషు రాదు. మాత్రల అట్టల మీద తెలుగులో ప, మ, రా అని బాల్‌పెన్నుతో రాసుకున్నది. పగలు, మధ్యాహ్నం, రాత్రి.

"హోసూరుకు పోతావా?" అని పాట్టి తమిళంలో అడిగారు. మేము నాలుగు రోజులుగా అడగలేని మాట ఆమె వక్క నములుతూ అడిగేశారు.

"పోతే ఇవి ఎవరిస్తారక్కా?" అన్నది అమ్మ.

అంతే. మా గర్వమూ గుబులూ రెండూ ఆ తిన్నె కిందికి పోయాయి. ఇందులో మేమూ లేము, తమ్ముడూ లేడు.

మేము అక్కడే ఉన్నామని చూసి అమ్మ కొంచెం కోపంగా, "తీర్థమలై బస్సు మన కొత్త ఇంటి ముందు ఆగుతుంది గదా?" అని అడిగింది. ఆగుతుందన్నాము. "టౌను బస్సులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గదా?" అన్నది. 2021 మే నుంచి మామూలు టౌను బస్సులలో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, నిజమే. "అయితే ఐదు గంటల బస్సెక్కి వస్తాను, ఏడింటి బస్సెక్కి పోతాను" అన్నది. బస్సు మెట్లు ఎత్తు, మోకాళ్ళు బాగాలేవు, వానాకాలం వస్తున్నది, చీకటి పడుతుంది అని మేము నాలుగూ చెప్పాము. "పైసా ఖర్చు లేదు, మీకేం బాధ?" అన్నది. బాధ పైసాది కాదని ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాము. మోకాళ్ళ మాట అయితే అబద్ధం కాదు. ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి.

తమ్ముడికి ఎవరు చెప్పాలన్నది తరువాతి చిక్కు. ఇంటావిడే ఫోను చేసి మరదలితో చెప్పింది. అవతల కాసేపు మాట లేదు. తరువాత తమ్ముడు తీసుకుని, "మాత్రలకోసమా వదినా?" అని ఒక్కటే అడిగాడు. వాడికి కష్టంగానే ఉన్నది. అమ్మ ఫోను అందుకుని, శ్రావణం వెళ్ళాక పది రోజులు వస్తానని, బిడ్డకు కాటుక పెట్టడం మానవద్దని చెప్పి పెట్టేసింది. ఆ పది రోజులూ పాట్టి మాత్రలు ఇచ్చే పని మా అమ్మాయికి అప్పజెబుదామంటే, అప్పటికి ఆమె సేలంలో ఉంటుంది. అబ్బాయి నేనిస్తానన్నాడు, బడినుంచి వచ్చేటప్పుడు. అయితే ముందు ప, మ, రా నేర్చుకోవాలి. వాడిని కూర్చోబెట్టి ఇందాకనే అమ్మ మూడు అక్షరాలూ రాయించింది. మ దగ్గర కొమ్ము ఎక్కువ తక్కువ అవుతున్నది.

ఎనిమిదింటికి ఇంటావిడ ముందింటికి పోయి, రేపు పాలు పొంగించడానికి రావాలని పాట్టిని పిలిచింది. పాట్టి ఒప్పుకోలేదు. ముత్తైదువులు ముందు అడుగు పెట్టే చోటికి మాబోటివాళ్ళు రాకూడదు, సామాను సర్దుకున్నాక వస్తాను అన్నారు. అమ్మ కూడా వెనకే నిలబడి అదే మాట అన్నది, తానూ ఆఖరున వస్తానన్నది. మా ఇంటావిడ సాధారణంగా పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే మనిషి కాదు. "నా బిడ్డకు మొదటి నీళ్ళు పోసిన చేతులు మీవి. ఇద్దరూ వచ్చి పొయ్యి వెలిగిస్తే వెలుగుతుంది, లేకపోతే హోటలు కాఫీ తాగుదాం" అన్నది తమిళంలో. ఆ తరువాత అమ్మ వైపు తిరిగి తెలుగులో ఇంకోసారి అన్నది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట్టి, ఎన్నింటికి బండి అన్నారు.

వ్యాను ఆరున్నరకు వస్తుంది. ఏడున్నరలోపల పాలు పొంగాలి, తరువాత రాహుకాలం లేకపోయినా ఎండ వస్తుంది. మొదట ఉప్పు, పసుపు, కందిపప్పు, దేవుడి పటం, నిండుబిందె. వాటితోపాటు ఆకుపచ్చ పెట్టె. పాట్టికీ అమ్మకూ తమ్ముడి కారులో ముందూ వెనకా చోటు. ఎవరు ముందు కూర్చోవాలన్నది ఇంకా తేలలేదు, ఇప్పుడు కూడా తిన్నె మీద అదే మాట్లాడుకుంటున్నారు. మేము వ్యానులో సామానుతో వస్తాము. పొత్రం మర్చిపోకూడదు.